ఎడమకాలి బ్రేకు

ఆ వీధిలో మేస్త్రీని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. ఎదురుగా అందరూ ‘మేస్త్రీ’ అనేవాళ్లు. అటు తిరగ్గానే ‘పెదవి విరుపు’ అనేవాళ్లు. రెండోదే ఆయనకు అతికినట్టు సరిపోయే పేరు. జీవితమంతా మోటారు సైకిళ్లు బాగుచేస్తూ, వాటిని పాడుచేసి తెచ్చినవాళ్ల మొహాలు చూస్తూ చూస్తూ, ఆయన పై పెదవి ఎడమ చివర కాస్త పైకి లేచి అక్కడే ఉండిపోయింది. నిద్రలో కూడా దిగదని ఆయన భార్య అనేది. “కల్లో కూడా ఎవడి బండినో చూసి ఈసడించుకుంటున్నారు కాబోలు” అని నవ్వేది.

ఇంటి ముందుగదే షెడ్డు. ఇనప షట్టరు, నూనె తాగి నల్లబడ్డ గచ్చు, గోడ నిండా మేకులు, మేకుకో స్పానరు. ప్రతి స్పానరు వెనకా గోడ మీద అదే ఆకారంలో తెల్లటి మచ్చ ఉండేది. ఏది వాడి తిరిగి పెట్టకపోయినా ఆ మచ్చ పట్టించేసేది. ఆ గదిలోకి పాత బళ్లకే ప్రవేశం. తొక్కితే గానీ లేవనివి, ఒళ్లంతా ఇనుమైనవి, గేరు కుడికాలి కిందా బ్రేకు ఎడమకాలి కిందా ఉన్నవి. కొత్త బండి ఎవరైనా తోసుకొస్తే మేస్త్రీ దాన్ని చూసేవాడు కాదు, తెచ్చినవాడి చెప్పులు చూసేవాడు.

“ఇది బండి కాదు నాయనా. బకెట్ల ఫ్యాక్టరీలో ప్లాస్టిక్కు మిగిలిపోతే చేసుంటారు. ఎదర షెడ్డుకి తీసుకెళ్లు. వాడి దగ్గర జిగురుంటుంది.”

ఎదర షెడ్డువాడు ఒకప్పుడు మేస్త్రీ దగ్గర పని నేర్చుకున్నవాడే. ఇప్పుడు నడివయసూ వచ్చింది, బొజ్జా వచ్చింది, కింద ఇద్దరు పనివాళ్లూ ఉన్నారు. అయినా మేస్త్రీ నోట వాడు ‘శిష్యుడే’. వీధికీ ఆ పేరే అలవాటైంది. శిష్యుడి షెడ్డులో తెల్లటి పలకలు, గాలి కొట్టే యంత్రం, బండికి తీగ తగిలిస్తే రోగమేమిటో చెప్పే చిన్న తెర ఉండేవి. ఆ తెర బయటికి తీసినప్పుడల్లా మేస్త్రీ వీధికి అడ్డంగా కేకేసేవాడు.

“బండిని వినాలిరా. దగ్గరకెళ్లి చెవి పెట్టి వినాలి. నువ్వు దాని నోట్లో థర్మామీటరు పెడుతున్నావు.”

“మీ చెవి నాకు రాలేదు కదా గురువుగారూ. అందుకే ఇది కొనుక్కున్నాను” అనేవాడు శిష్యుడు చేతులు తుడుచుకుంటూ. అందులో వినయమెంతో వెటకారమెంతో తేలేది కాదు. అంతా వెటకారమే అని మేస్త్రీ లెక్క.

షెడ్డు మధ్యలో మేస్త్రీ సొంత బండి నిలబడి ఉండేది. నల్లగా, బరువుగా, ఎవరో పెద్దాయన కుర్చీలో కూర్చున్నట్టు. సెలవు రోజున ఆయన లోకం మొత్తం దాని చుట్టూ తిరిగేది. చైను విప్పి కిరసనాయిల్లో నానబెట్టేవాడు, వెచ్చబెట్టిన గ్రీజులో ముంచేవాడు, నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మీది మసిని సన్నటి గరుకు కాగితంతో పోగొట్టేవాడు, మెరిసే భాగాలన్నీ పాత బనియనుతో తుడిచేవాడు. ఆ ఇంట్లో బనియన్లు తొందరగా పాతబడేవి. “దానికి గుడ్డ కావాల్సి వస్తే చాలు, ఒంటి మీదది మొన్నే కొన్నా చిరిగిపోతుంది” అనేది భార్య.

ఆ బండి మీద మేస్త్రీ ఒకే ఒకసారి ఒకరికి నేర్పబోయాడు. కొడుక్కి. కుర్రాడు కిక్కు కొడితే కిక్కు వెనక్కి తన్ని పిక్క వాచింది. రెండోసారి బండి లేచింది గానీ మూడడుగులు పోయి ఆగింది. మూడోసారి బండితో సహా పక్కకు ఒరిగి పడ్డాడు. తండ్రి ముందు బండిని లేపాడు, గీతలేమైనా పడ్డాయేమో చూశాడు, తర్వాత కొడుకు వైపు తిరిగి వీధి వీధంతా వినేలా, “లేరా. నువ్వు బస్సుకే పుట్టావు” అన్నాడు.

కుర్రాడు లేచి చేతులు కడుక్కున్నాడు. అంతే. ఆ తర్వాత ఏ బండి హ్యాండిలూ ముట్టుకోలేదు. చదువు ముగించాడు, డబ్బాలు ప్యాకింగు చేసే కంపెనీలో చేరాడు, పెళ్లి చేసుకున్నాడు. ఇప్పటికీ భుజానికి సంచీ తగిలించుకుని బస్టాపులో నిలబడతాడు. ఆ మాట గుర్తుందని ఎన్నడూ అనలేదు. మరిచిపోయాననీ అనలేదు.

మేస్త్రీ దగ్గర నేర్చుకోవాలని ఆ తర్వాత ఎవరికీ బుద్ధి పుట్టలేదు. ఒక రోజు భోజనాల దగ్గర కోడలికి పుట్టింది.

కోడలు రక్తపరీక్షలు చేసే ల్యాబులో పనిచేసేది. పరీక్షలు చేసే చోట కాదు, వెనక గదిలో. వాడిన గాజు గొట్టాలు కడిగి, మరిగించి, ఆరబెట్టడం ఆమె పని. ఆ గదికి కిటికీ లేదు. సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆమె వేళ్లు నీళ్లలో నానినట్టే ముడతలు పడి ఉండేవి. ఇప్పుడు ల్యాబులో ఒక చోటు ఖాళీ అయింది. నడవలేని రోగుల ఇళ్లకు వెళ్లి రక్తం తీసుకుని వచ్చే పని. రక్తం తీయడం ఆమెకు వచ్చు, సర్టిఫికెట్టూ ఉంది. రానిదల్లా బండి. ల్యాబువాళ్లకు ఒక మోటారు సైకిలుంది, అది నడిపే లైసెన్సు నెలాఖరులోగా తెచ్చుకుంటే పని ఆమెది. లేదంటే బయటి మనిషిని పెట్టుకుంటారు, ఆమె గొట్టాలు ఆమెవే.

“మామయ్యా, నాకు బండి నేర్పుతారా?” అంది.

మేస్త్రీ నోట్లో ముద్ద నిదానంగా నమిలి మింగాడు. “ముందు నడక నేర్చుకో. మొన్న గుమ్మంలో తూలి పడ్డావు.”

“గుమ్మంలో మీరు పడేసిన సైలెన్సరు తట్టుకుని పడింది” అంది భార్య. “నేర్పుతారా, ఎదర షెడ్డులో అడుక్కోమంటారా? చెప్పండి.”

ఆ రెండో మాట పనిచేసింది. “వాడా? వాడు నేర్పితే ఈ పిల్ల బండికి తీగ తగిలించి రోడ్డు మీద కూర్చుంటుంది. రేపు పొద్దున్నే లేవమను.”

కొడుకు కంచంలోంచి తలెత్తి ఒకసారి చూసి మళ్లీ దించుకున్నాడు. ఆ రాత్రి గోడ అవతల కొడుకు గొంతు తగ్గించి భార్యతో అన్నది, చెవే ఆస్తిగా బతికిన మేస్త్రీకి స్పష్టంగా వినిపించింది.

“ఆయన దగ్గర వద్దు. ఆయన నేర్పడు. నిలబడి చూస్తాడు, అంతే. ఆ చూపు మీద పడితే కాళ్లు పనిచెయ్యవు.”

“నాకు కిటికీ లేని గది కన్నా ఆయన చూపు నయం” అంది కోడలు.

మేస్త్రీ అటు తిరిగి పడుకున్నాడు. చేతకానివాళ్లందరికీ చూపు అడ్డమొస్తుంది, అనుకున్నాడు.

మూతపడ్డ గోదాముల వెనక ఖాళీ జాగాలో పాఠం మొదలైంది. మొదట బండి కదిలేదే లేదు, లేపడమే పాఠం. పెట్రోలు తిప్పాలి. ఇంజను పక్కనున్న చిన్న మీట అదుముతుంటే వేలికి పెట్రోలు తడి తగలాలి. చేతి దగ్గర, ఇంజను బిగువు వదిలించే ఇంకో పిడి నొక్కి, కిక్కు రాడ్డును మెల్లగా దించుతూ, ట్యాంకు ముందున్న మీటరు ముల్లు నట్టనడుమకు వచ్చేదాకా చూడాలి. అప్పుడు పిడి వదిలి, ఒంటి బరువంతా వేసి తొక్కాలి. ఏ ఒక్కటి తప్పినా కిక్కు ఎగిరి తంతుంది.

తన్నింది. కోడలు పిక్క పట్టుకుని కూర్చుంది. మేస్త్రీ పెదవి ఇంకాస్త లేచింది.

“కాలితో కాదమ్మాయ్, ఒంటితో. నువ్వు దాన్ని తన్నావు, అది నిన్ను తన్నింది. తప్పు దానిది కాదు.”

ఆమె ఏడుస్తుందనో, కొడుకులా చేతులు కడుక్కుంటుందనో ఆయన ఎదురుచూశాడు. ఆమె పిక్క రుద్దుకుంటూ ముల్లు వైపు వేలు చూపించి, “ఇది నడిమికి ఎందుకు రావాలి మామయ్యా?” అని అడిగింది.

మేస్త్రీ వంగి ముల్లు వైపు చూశాడు. ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. కొడుకూ అడగలేదు, శిష్యుడూ అడగలేదు. “తెలుసుకుని ఏం ఉద్ధరిస్తావు” అన్నాడు ముందు. తర్వాత ఒక పుల్ల తీసుకుని మట్టిలో సిలిండరు గీశాడు, పిస్టను గీశాడు, పిస్టను ఎక్కడుంటే కిక్కు తేలికవుతుందో, ఎక్కడుంటే తంతుందో గీశాడు. “అర్థమైందా? కాదులే. తల ఊపుతున్నావు, అంతే” అన్నాడు. ఆమె లేచి ముల్లు నడిమికి తెచ్చి తొక్కింది. బండి గుండె కొట్టుకున్నట్టు నింపాదిగా లేచింది.

“అదృష్టం” అన్నాడు మేస్త్రీ.

రోజూ తిట్లే. క్లచ్చు వదిలితే, “పిండి పట్టుకున్నట్టు పట్టుకున్నావేంటి.” మలుపు తిరిగితే, “ఓడ తిప్పుతున్నావా.” ముందు బ్రేకు పిడి మీద వేళ్లు వేస్తే, “అది అలంకారానికి. పిడికిలంతా బిగించి పిండితే తప్ప అది చక్రాన్ని పట్టదు. ఎడమకాలు నమ్ముకో.” కోడలు తిట్టు వదిలేసి అందులోని పాఠం తీసుకునేది. అది ఆమె తెలివి. నెల సగం దాటేసరికి గోదాముల చుట్టూ చక్కగా తిరిగేది. కుడికాలు గేరు మార్చేది, ఎడమకాలు బ్రేకు నొక్కేది, రెండూ తలకు చెప్పకుండానే.

“కొత్త బళ్లలో కాళ్లు తారుమారంట కదా మామయ్యా. గేరు ఎడమకీ, బ్రేకు కుడికీ” అని ఒకసారి అడిగింది.

“వాటికీ ఒక పాఠమా? దీన్ని నడిపినవాళ్లు దేన్నైనా నడుపుతారు. మిగతావన్నీ బొమ్మలు.”

ఆ రోజుల్లో పెదవి ఒక గింజంత దిగిందని భార్య కనిపెట్టింది గానీ పైకి అనలేదు. అంటే మళ్లీ లేస్తుందని భయం.

పరీక్షకు వారముందనగా ల్యాబువాళ్లు అలవాటు చేసుకొమ్మని తమ బండి ఇచ్చారు. నీలం రంగు, సన్నటి నడుం, కిక్కే లేదు. బొత్తాం నొక్కితే దోమలా రొదచేసి లేచింది. మేస్త్రీ షట్టరు దగ్గరే నిలబడ్డాడు. “బొత్తాం నొక్కితే లేచేదాన్ని లిఫ్టు అంటారు” అన్నాడు.

కోడలు వీధిలోనే మెల్లగా నాలుగు గజాలు పోనిచ్చింది. ఆపుదామని ఎడమకాలు నొక్కింది. బండి ఆగలేదు, గేరు దిగి ఒక్క కుదుపు కుదిపింది. కాళ్లు రెండూ నేలకి ఆనించి ఎలాగో నిలబెట్టింది. మొహం పాలిపోయింది.

“నా కాళ్లు వినటం లేదు మామయ్యా. తెలిసి కూడా ఎడమదే నొక్కుతున్నాను. పరీక్ష ఆ పాత బండి మీదే ఇచ్చేస్తే?”

“ఇచ్చెయ్. నిజమైన బండి మీద ఇచ్చినట్టుంటుంది.”

ఆమె వెంటనే తల అడ్డంగా ఊపింది. “ఇచ్చి? పని మాత్రం ఈ బండి మీదే కదా. రక్తం సీసాలు పెట్టుకుని ఎవరి మీదకో పోతాను.”

“కాళ్లు కాదు, నీ తలే వినటం లేదు” అన్నాడు మేస్త్రీ, షట్టరు దాటి వస్తూ. “దిగు. ఇలాంటివి ఎలా నడుపుతారో చూపిస్తాను. చూసి సిగ్గు తెచ్చుకో.”

ఆయన అంతవరకూ కొత్త బండి ఎక్కలేదన్న సంగతి వీధికి తెలుసు. అందుకే వీధి ఆగి చూసింది. శిష్యుడు పానా పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. భార్య కిటికీ దగ్గరికి వచ్చింది.

మేస్త్రీ దర్జాగా కూర్చున్నాడు. గేరు ఎడమ, బ్రేకు కుడి, అని తలలో ఒకసారి అనుకున్నాడు, అలాగే వేశాడు, బండి బుద్ధిగా కదిలింది. వీధి చివరిదాకా వెళ్లి తిరిగి, ఒక చెయ్యి వదిలేసి కూడా చూపించాడు. ఆ చెయ్యి కోడలి కోసం కాదు, శిష్యుడి కోసం. సరిగ్గా అప్పుడే పక్కసందులోంచి నీళ్ల క్యాన్ల రిక్షా ఒకటి ముక్కు బయట పెట్టింది.

అలాంటప్పుడు పనిచేసేది తల కాదు. మేస్త్రీ ఎడమకాలు జీవితమంతా చేసిన పనే మళ్లీ చేసింది, బలంగా నొక్కింది. గేరు దిగింది, ఇంజను కీచుమని అరిచింది, బండి ముందుకు తోసుకుపోయింది. దాంతో ఆయన ముందు బ్రేకును, తన పాత బండికి అలవాటైన బలమంతా పెట్టి, పిడికిలి బిగించి పిండేశాడు. పాత బండిలో అది అలంకారం. ఈ బండిలో కాదు. ముందు చక్రం ఉన్నచోటే బిగుసుకుపోయి జారింది. మేస్త్రీ, నీలం బండీ కలిసి ఎదర షెడ్డు ముందు పేర్చిన టైర్లలోకి వెళ్లి పడ్డారు. రిక్షావాడు క్యాన్లు సర్దుకుని, ఎవరి కోసం ఆగాలో తెలియక, వెళ్లిపోయాడు.

టైర్లు ఒకదాని తర్వాత ఒకటి దొర్లుకుంటూ వీధిలోకి పోయాయి. కాసేపు ఆ చప్పుడే వినిపించింది.

శిష్యుడు దగ్గరికొచ్చి వంగి చూశాడు. “గురువుగారూ, దెబ్బేం తగల్లేదు కదా” అన్నాడు. ఆగి, “బండికి” అన్నాడు.

మేస్త్రీ లేచాడు. చీలమండ నొప్పి చంపుతోంది. అది కనపడనివ్వకుండా బండిని లేపి బొత్తాం నొక్కాడు. లేవలేదు. మళ్లీ నొక్కాడు. “చచ్చింది. ఒక్క దెబ్బకే చచ్చింది. మీ బొమ్మల బతుకింతే.”

శిష్యుడు తాళం చెవి ఆపి, మళ్లీ తిప్పి, బొత్తాం నొక్కాడు. బండి లేచింది. “పడిపోతే అది తనంతట తనే ఆగిపోతుందండి, పెట్రోలు పారకుండా. మళ్లీ తాళం తిప్పితే లేస్తుంది. చావలేదు. బుద్ధిగా ఉందంతే.”

మేస్త్రీ కుంటుకుంటూ షెడ్డులోకి వెళ్లి, ముందెప్పుడూ చేయని పని చేశాడు. పట్టపగలే షట్టరు దించేశాడు.

“కోడలికి నేర్పుతానని వెళ్లి టైర్లకి నేర్పి వచ్చారు” అంది భార్య, చీలమండకి తడిగుడ్డ చుడుతూ. గుడ్డ గట్టిగానే చుట్టింది.

కోడలు నవ్వలేదు. గచ్చు మీద కూర్చుని తన ఎడమకాలి వైపే చూస్తోంది. “మీకే అలా అయితే నాకింకెలా అవుతుంది” అంది. “నా కాలికి నేర్పింది కూడా మీరే కదా.”

తిట్టయితే మేస్త్రీ తిప్పికొట్టేవాడు. అది తిట్టు కాదు, నిజం. ఒకణ్ణి మాటతో బస్సెక్కించాడు. ఈ పిల్లను పొగరుతో మళ్లీ కిటికీ లేని గదిలోకి తోస్తున్నాడు. బొమ్మలకి పాఠమెందుకని, చెప్పాల్సిన ఒక్క పాఠం మింగేశాడు. ఆ ఆలోచన చీలమండ కన్నా ఎక్కువ సలిపింది. ఆయన చెయ్యి చాపి, గోడకి తగిలించిన మందపాటి గుడ్డ తీసి తన నల్ల బండి మీద కప్పాడు.

“పరీక్ష అయ్యేదాకా దీని దగ్గరికి రాకు. దీని మీద చెయ్యి కూడా వెయ్యకు” అన్నాడు.

తర్వాత సుత్తి పట్టుకుని, షట్టరెత్తి వీధి దాటి శిష్యుడి గుమ్మంలో నిలబడ్డాడు. పెదవి దించడానికి ఆయన పడ్డ కష్టం మొహంలో కనపడింది. “ఆ నీలం బండి లీవరు వంగింది. పక్క లైటు పగిలింది. ల్యాబువాళ్లది. ఉన్నదున్నట్టు తిరిగివ్వాలి” అన్నాడు. “ఎలా చెయ్యాలి?”

శిష్యుడు ఒక స్టూలు లాగాడు. “కూర్చోండి. ముందు ఆ సుత్తి ఇలా ఇచ్చెయ్యండి. దీన్ని కొట్టకూడదు.”

“కొట్టకుండా బాగయ్యేది ఏదైనా ఉందా లోకంలో?”

“మీరు నన్ను కొట్టి నేర్పారు. అందుకే మీ పక్కన లేను, ఎదర ఉన్నాను” అన్నాడు శిష్యుడు. ఆ మాటలో వెటకారమెంతో మేస్త్రీ ఈసారి లెక్కెయ్యలేదు. కొత్త లీవరు ఎలా బిగిస్తారో, ముందు చక్రం బ్రేకు పళ్లేన్ని నూనె వేలితో ముట్టుకుంటే ఎందుకు పాడవుతుందో, చైనుకి గ్రీజు కాక ఏ నూనె కొడతారో చూశాడు. చూసినంతసేపూ గొణుగుతూనే ఉన్నాడు. “మొహానికి స్నో పూసినట్టు పూస్తున్నావు. ఇదీ ఒక సేవే?” అన్నాడు. కానీ ఆ మర్నాటి నుంచి ఆ నూనె తనే కొట్టాడు.

కోడలి కాళ్ల సంగతి చూడడానికి ఆయన ఒక బల్ల కింద రెండు చెక్కముక్కలు కొట్టాడు, ఎడమ ఒకటి, కుడి ఒకటి. ఆమె బల్ల మీద కూర్చుంటే, ఆయన ఎదురుగా వాచిన కాలు చాపుకుని, “ఆపు” అనేవాడు. కుడిది నొక్కాలి. మొదటి రోజు ఎడమదే నొక్కింది. “నొక్కు. నొక్కి ఎదురొచ్చినవాళ్లని చంపు” అనేవాడు. కూరలు తరుగుతుంటే వెనక నుంచి వచ్చి, “పిల్లి” అనేవాడు. ఆమె కుడికాలు నేలకి తన్నాలి. బట్టలు మడతపెడుతుంటే, “లారీ.” తల దువ్వుకుంటుంటే, “ముసలాయన, చేతికర్ర.” రెండు రోజులకి అత్తగారికీ అంటుకుంది. పొయ్యి దగ్గర నుంచే, “మీ మామయ్య టైర్లలోకి పోతున్నారు, ఆపు” అనేది. కోడలు కుడికాలు ఠపీమని నేలకి తగిలేది. కొడుకు ఒక మూల సంచీ సర్దుకుంటూ ఇదంతా చూసేవాడు. ఒకసారి “పిల్లి” అన్నప్పుడు అతని కుడిపాదం కూడా నేలను నొక్కింది. మేస్త్రీ అది చూశాడు. ఏమీ అనకుండా ఉండడానికి షెడ్డులోకి వెళ్లిపోయాడు.

పరీక్ష రోజున మైదానం గేటు దగ్గర కోడలు బండి ఆపి వెనక్కి తిరిగింది. మేస్త్రీ కుంటుకుంటూ ముందు బస్సులో వచ్చి అప్పటికే నిలబడి ఉన్నాడు.

“మామయ్యా, ఏమీ అనుకోకండి. మీరు గోడ బయటే ఉండండి. మీ మూతి కనపడితే నా కాళ్లు తప్పుతాయి.”

ఆయన మూతి అప్పటికే లేవబోతోంది. చెయ్యి అడ్డం పెట్టుకుని, “వెళ్లు” అన్నాడు.

ఎత్తైన గోడ. ఏమీ కనపడదు. మేస్త్రీ గోడకి వీపానించి నిలబడ్డాడు. లోపల ఏవేవో బళ్లు తిరుగుతున్నాయి, అయినా ఆ నీలం దోమ రొద ఆయనకు విడిగానే వినపడింది. రోజూ తను నూనె కొట్టిన చైను అది. మొదటి గేరు పడింది. క్లచ్చు మెత్తగా వదిలింది. రెండోది. మలుపు, రొద తగ్గింది, మళ్లీ పెరిగింది. పరవాలేదు. ఇంకో మలుపు. అక్కడ ఇన్‌స్పెక్టరు చెయ్యెత్తి ఉంటాడు. ఆపాలి. మేస్త్రీ ఎడమకాలు మట్టిని నొక్కింది. ఛీ, అనుకుని కుడిది నొక్కాడు.

గోడ అవతల ఇంజను కీచుమనలేదు. టైరు సర్రుమని ఆగింది. సరైన కాలే. కానీ ఆ మరుక్షణమే రొద కూడా ఆగిపోయింది. కాళ్ల ధ్యాసలో క్లచ్చు మరిచిపోయి ఉంటుంది. ఇంజను ఆగిపోయింది.

అయిపోయింది, అనుకున్నాడు. తన బండయితే ఇప్పుడు దిగాలి, పిడి నొక్కాలి, ముల్లు నడిమికి తేవాలి, వేడి మీదున్న ఇంజను ఒక్క కిక్కుకి లేవదు, రెండింటికీ లేవదు, ఇన్‌స్పెక్టరు తర్వాతి మనిషిని పిలుస్తాడు. కిటికీ లేని గది కళ్ల ముందుకొచ్చింది. ఆ గదిని ఆయన ఎన్నడూ చూడలేదు, ముడతలు పడ్డ వేళ్లే చూశాడు.

టిక్కుమని చిన్న చప్పుడు. దోమ మళ్లీ లేచింది. ఊపిరి పీల్చి వదిలేలోగా మొదటి గేరు పడి, ఏమీ కానట్టు ముందుకు పోయింది.

“లిఫ్టు” అన్నాడు మేస్త్రీ గోడతో. ఆయన గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది.

కోడలు గేటు దాటి వచ్చేసరికి ఆయన మళ్లీ మామూలు మొహం తగిలించుకున్నాడు.

“ఆపేటప్పుడు క్లచ్చు పట్టుకోలేదు.”

“పాసయ్యాను మామయ్యా.”

“నేను అడిగింది అది కాదు.”

“చాలామంది అక్కడ ఇంజను ఆపేసుకుంటారట, మళ్లీ వెంటనే లేపావు కదా చాలు అన్నాడు ఇన్‌స్పెక్టరు.”

“లేపింది నువ్వు కాదు, బొత్తాం” అన్నాడు మేస్త్రీ. కాస్త ఆగి, “పనికొచ్చింది, వెధవ బొత్తాం” అన్నాడు.

“ఎక్కండి. ఆ కాలుతో బస్సెందుకు.”

మేస్త్రీ జీవితంలో ఎవరి వెనకా కూర్చోలేదు. వెనక సీటును సరుకు పెట్టుకునే చోటనేవాడు. ఎక్కడ పట్టుకోవాలో తెలియక సీటు అంచు పట్టుకున్నాడు. దారిపొడుగునా కోడలు కుడికాలితో బ్రేకు నొక్కినప్పుడల్లా ఆయన ఎడమకాలు ఖాళీ పాదపీటను నొక్కుతూనే ఉంది. “మామయ్యా, బండి కుదుపుతున్నారు” అంది ఆమె. “నీ నడకే అంత” అన్నాడు ఆయన.

బస్టాపు దగ్గర కొడుకు సంచీతో నిలబడి ఉన్నాడు. పని దిగి ఇంటికెళ్లే బస్సు కోసం చూస్తున్నాడు. తన భార్య బండి మీద రావడం చూసి ఒక అడుగు ముందుకేశాడు, వెనక తండ్రిని చూసి ఆగిపోయాడు. ఆమె బండి ఆపి తల ఊపింది. అతని మొహం అంతా నవ్వయింది. ముగ్గురు పట్టే బండి కాదది. ముగ్గురికీ ఆ సంగతి ఒకేసారి తట్టింది. బస్సు కూడా అప్పుడే మలుపు తిరిగి వస్తోంది.

మేస్త్రీ దిగాడు. చీలమండ పట్టేసింది, మొహం చిట్లించాడు.

“మనిషి కూర్చునే సీటు కాదిది. నడుం విరిగింది” అన్నాడు. “నువ్వెక్కు.”

కొడుకు కదల్లేదు. “నేను బస్సులో వస్తాలే నాన్నా. నాకలవాటే.”

మేస్త్రీకి ఏదో చెప్పాలని ఉంది. దానికి పనికొచ్చే స్పానరు షెడ్డు గోడ మీద ఎన్నడూ లేదు. కొడుకు భుజాన్నుంచి సంచీ లాగి తన భుజాన వేసుకున్నాడు.

“ఎక్కు. దారిలో ఆ గోదాముల దగ్గర ఆపమను. నీకు నేర్పమను. నాకన్నా మెరుగ్గా నేర్పి ఏడుస్తుంది” అన్నాడు, తిరిగి చూడకుండా బస్సెక్కేశాడు.

కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు కదలగానే నీలం బండి పక్కనుంచి దాటిపోయింది. వెనక కూర్చున్న కొడుకు మెడ సాచి, కోడలి కాళ్ల వైపు చూస్తున్నాడు, ఏ కాలు ఏం చేస్తోందోనని. మలుపులో డ్రైవరు బ్రేకు ఆలస్యంగా వేశాడు. మేస్త్రీ ఎడమకాలు బస్సు నేలను బలంగా నొక్కింది, పై పెదవి ఎడమ చివర పైకి లేచింది.

“ఎవడు నేర్పాడయ్యా వీడికి” అన్నాడు పక్కవాడితో.